తిథి చూసి దీవికి

కొత్త సంవత్సరపు క్యాలెండరు గోడకెక్కిన నాడే ఉద్యోగస్థుల ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. ఏ పండుగ శుక్రవారం వచ్చింది, ఏది సోమవారం వచ్చింది, ఏది ఆదివారంలో కలిసిపోయి నష్టం చేసింది, ఎక్కడ ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు రోజులు కలిసివస్తాయి అన్నది ఆ లెక్క. వారాంతానికి ఒకటి రెండు సెలవులు అతుక్కుని ఏర్పడే ఈ మూడు నాలుగు రోజుల విరామాన్నే ఇప్పుడు లాంగ్ వీకెండ్ అంటున్నారు. దాని కోసం కళ్లు వెతికేది ఎర్ర అంకెలనే. ఆ అంకె కిందనే చిన్న అక్షరాలలో అచ్చయి ఉండే తిథిని, ఇంట్లో ముహూర్తమో తద్దినమో ఉంటే తప్ప, ఎవరూ చదవరు. కాని సముద్రం మధ్యనున్న ఒక చిన్న దీవిలో నాలుగు రోజులు నింపాదిగా గడపాలనుకునేవారికి ఎర్ర అంకె కంటే ఆ చిన్న అక్షరాలే ఎక్కువ పనికివస్తాయి. ఆఫీసు ఎప్పుడు మూస్తారో ఎర్ర అంకె చెబుతుంది. నీరు ఎంత తీస్తుందో తిథి చెబుతుంది.

ఈ మాట చాలా దీవులకు వర్తించేదే అయినా, ఒక దృష్టాంతం ముందుంటే తప్ప విషయం తేలదు. అండమాన్‌లో రిచీ ద్వీపమాల అని పిలిచే చిన్న దీవుల గుంపులోని షహీద్ ద్వీప్ అందుకు తగినది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి అది సముద్రం మీద 40 కిలోమీటర్ల దరిదాపు దూరంలో ఉంది. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడి నివాసులు మూడువేల పైచిలుకు మాత్రమే. ఈ కొస నుంచి ఆ కొసకు సైకిలు మీద గంటలోపే చేరుకోవచ్చు. 2018 డిసెంబరు 30 వరకు దాని పేరు నీల్. 1857 తిరుగుబాటును క్రూరంగా అణచివేసి, ఆ ఏడే లక్నోలో చనిపోయిన జేమ్స్ నీల్ అనే సైనికాధికారి పేరది. మద్రాసు మౌంట్ రోడ్డులో అతనికొక విగ్రహం ఉండేదనీ, దాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగిందనీ, చివరికి 1937లో రాజాజీ మంత్రివర్గం దాన్ని మ్యూజియానికి తరలించిందనీ చరిత్ర చదివినవారికి తెలుసు. విగ్రహం కదిలిన ఎనభై ఏళ్లకు గాని దీవి పేరు కదలలేదు. దీవి మీది ఊళ్ల పేర్లకు మాత్రం, ఒక్క నీల్ కేంద్రకు తప్ప, ఆ సైనికుడితో ఏ సంబంధమూ లేదు. అవి సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, మధ్యలో బజారున్న నీల్ కేంద్ర. స్వాతంత్ర్యం తరువాతి దశాబ్దాలలో తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. వారు అడవి నరికి వేసిన వరిమళ్లు, కూరగాయల తోటల వల్లనే ఈ దీవికి అండమాన్ కూరగాయల బుట్ట అనే పేరు వచ్చింది.

తీరం మీదికి నీరు పెరగడాన్ని పోటు అనీ, వెనక్కి తీయడాన్ని పాటు అనీ అంటారు. చంద్రుడి ఆకర్షణ దీనికి ముఖ్య కారణం, సూర్యుడిది తోడు. అండమాన్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పాటుకూ తరువాతి పాటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు గడుస్తాయి కనుక, ఇవాళ ఉదయం ఏడింటికి పూర్తిగా తీసిన నీరు రేపు ఏడూ యాభై దాటితే గాని ఆ స్థితికి రాదు. పౌర్ణమికీ అమావాస్యకూ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చి రెండు ఆకర్షణలూ కలవడం వల్ల పోటు బాగా ఎత్తుకు లేస్తుంది, పాటు బాగా దిగువకు పోతుంది. భూగోళ పాఠాలలో వీటినే పర్వవేలలు అన్నారు. సప్తమి, అష్టమి నాటికి చంద్రుడు సూర్యుడికి లంబదిశలో ఉంటాడు కనుక ఒకరి లాగుడును మరొకరి లాగుడు కొంత తగ్గించి, నీరు అంతగా పెరగదు, అంతగా తీయదు, ఇవి లఘువేలలు. అయితే సముద్రం చంద్రుడి వెంట కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. తిథినాటి ప్రభావం గట్టిగా కనిపించేది ఒకటి రెండు రోజుల తరువాతనే. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో పర్వవేల నాడు పోటుకూ పాటుకూ మధ్య తేడా రెండు మీటర్ల దరిదాపు ఉంటే, లఘువేల నాడు ఒక మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. తీరం నిటారుగా దిగిపోయే చోట ఒక మీటరును ఎవరూ లెక్కచేయరు. పగడపు తిట్ట పళ్లెంలా పరచుకుని ఉన్న ఈ దీవిలో మాత్రం ఆ ఒక్క మీటరే వందల అడుగుల నేలను బయటపెడుతుంది, లేదా కప్పేస్తుంది.

తెలుగువారి పండుగలు చాలావరకు తిథిని బట్టి వచ్చేవే కనుక, పండుగ పేరు వింటేనే సముద్రం ఏ తీరున ఉంటుందో ఊహించవచ్చు. దీపావళి అమావాస్య నాటిది, హోళీ పౌర్ణమి నాటిది, శివరాత్రి బహుళ చతుర్దశి కనుక అమావాస్య గడప మీదిది. ఈ మూడింటికీ నీరు బాగా తీస్తుంది. శ్రీరామనవమి, విజయదశమి అష్టమిని దాటీ దాటగానే వస్తాయి. ఒకటి రెండు రోజుల ఆలస్యాన్ని కూడా కలిపితే అవి సరిగ్గా లఘువేలలో పడతాయి. గుడ్ ఫ్రైడే తిథితో సంబంధం లేని సెలవుగా కనిపించినా, ఈస్టర్‌ను వసంత విషువత్తు తరువాతి పౌర్ణమిని బట్టి లెక్కిస్తారు కనుక అది కూడా పౌర్ణమిని అంటిపెట్టుకునే వస్తుంది. కొన్ని ఏళ్లు పౌర్ణమి నాటికే, కొన్ని ఏళ్లు నాలుగైదు రోజులు దాటి వస్తుంది కాబట్టి అందులో కొంత చూసుకోవలసింది ఉంది. సంక్రాంతి సూర్యుడి పండుగ. దాని తిథి ఏటా మారుతుంది. అయినా సంక్రాంతికి ఊరికి వెళ్లకుండా దీవికి వెళ్లే తెలుగు కుటుంబాలను వెతికి పట్టుకోవడం కష్టం కనుక ఆ చర్చ అనవసరం. ఆగస్టు 15 నాటికి నైరుతి రుతుపవనాలు అక్కడ జోరు మీద ఉంటాయి. దసరా, దీపావళి తుపానుల కాలంలో పడతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అండమాన్ సముద్రం సాధారణంగా నిలకడగా ఉంటుంది గనుక శివరాత్రి, హోళీ, శ్రీరామనవమి, గుడ్ ఫ్రైడే ఈ నాలుగే చివరికి పరిశీలనకు మిగులుతాయి. ఈ నాలుగింటిలో ఏది మేలన్నది వెళ్లేవారు సముద్రంలో ఏం చేయదలచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

రామనవమి పక్షాన ఒక వాదం ఉంది, అది ఊరి పేర్ల పోలికను బట్టి చేసేది కాదు. రేవు పక్కనే ఉన్న భరత్‌పూర్ తీరంలో నీరు చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది. పర్వవేల పాటు నాడు ఆ నీరంతా తప్పుకుని, ఇసుక తరువాత సముద్రపు గడ్డి, దాని తరువాత పగడపు రాయి బయటపడి, ఈదడానికి వచ్చినవాడు నడుస్తూ నిలబడతాడు. లఘువేల నాడు రోజులో ఎక్కువ భాగం నడుముల్లోతు నీరు నిలకడగా ఉంటుంది, లాగుడు కూడా తక్కువ. ఈత సరిగా రాని పెద్దలకూ చిన్నపిల్లలకూ ఇంతకంటే మంచి స్థితి లేదు. పగడపు రాళ్ల మీద నడవగల మోకాళ్లు ఉన్నవారికి మాత్రం శివరాత్రి, హోళీలే సరైనవి. వారు చూడవలసిన సముద్రం నీరు లేనప్పుడే కనిపిస్తుంది.

లక్ష్మణ్‌పూర్‌లోని రెండో తీరం చివర, అలలు తొలిచివేయగా మిగిలిన ఒక రాతి కమాను ఉంది. బెంగాలీ రైతులు దానికి హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు, వదిలివచ్చిన దేశపు గుర్తుగానో, కేవలం హాస్యంగానో. పాటు వేళ తప్ప అక్కడికి పోయే దారి ఉండదు. ఉన్న దారి కూడా గరుకైన, అంచులు తేలిన పగడపు రాయి మీదుగా పోయేదే. రబ్బరు అడుగు గల చెప్పులు, అవి జారిపోకుండా మడమకు పట్టీ తప్పనిసరి. కమాను కంటే దారిలోని గుంటలే చూడదగినవన్నది ఈ వ్యాసం అభిప్రాయం. జానెడు లోతు నీరు నిలిచిన గుంటలో నల్లని సముద్ర దోసకాయ ఒకటి, ప్రాణముందా లేదా అని అనుమానం వచ్చేంత కదలికలేకుండా ఇసుక మీద పడి ఉంటుంది. అది నోటితో ఇసుకను తీసుకుని, అందులోని ఆహారాన్ని ఉంచుకుని, శుభ్రమైన ఇసుకను వెనుక నుంచి విడిచిపెడుతుంది. దాని పక్కనున్న చిన్న ఇసుక ముద్దలు అవే. రాతిలో కూరుకుపోయి పెరిగే ఒక పెద్ద జాతి ఆల్చిప్ప నీలం, ఆకుపచ్చ కలిసిన మెత్తని అంచులను తెరచి ఉంచుతుంది. వంగి చూసే మనిషి నీడ పడగానే ఆ అంచులు లోపలికి ముడుచుకుంటాయి. నీడ తొలగించి కాసేపు ఆగితే మళ్లీ మెల్లగా తెరుచుకుంటాయి, ఆగగలిగితేనే. పగడాలు, సముద్ర దోసకాయలు, ఈ జాతి ఆల్చిప్పలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు కనుక వాటిని ఏరి సంచిలో వేసుకోవడం నేరం. తిరుగు పోటు మొదలైనప్పుడు నీరు ఎదురుగా అలలా రాదు. పక్కల నుంచి, వెనుక నుంచి పల్లాలను ముందుగా నింపుకుంటూ వస్తుంది. పాటు అడుగంటడానికి గంట ముందు వెళ్లి, అడుగంటిన గంటకల్లా వెనుదిరగాలని అక్కడివారు చెప్పడానికి కారణం అదే.

రోజులో సముద్రం ఇచ్చే ఈ రెండు గంటల వ్యవధి పగటి వెలుగులో పడుతుందా లేదా అన్నది సూర్యుడితో ముడిపడిన ప్రశ్న. భారత ప్రామాణిక కాలాన్ని కాకినాడకు సమీపంగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. షహీద్ ద్వీప్ 93 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు కాకినాడ సూర్యుడి కంటే 42 నిమిషాలు ముందుంటాడు కాని, గడియారం మాత్రం రెండుచోట్లా ఒకటే. ఏప్రిల్ మొదట్లో సీతాపూర్ తీరంలో ఐదూ పావుకు పొద్దుపొడిచి, లక్ష్మణ్‌పూర్ తీరంలో ఐదున్నరకు పొద్దుగుంకుతుంది. హైదరాబాదు అలవాటున ఎనిమిదింటికి లేచి, పదింటికి ఉపాహారం ముగించి, సాయంత్రం ఆరింటికి తీరానికి బయలుదేరేవారికి ఆ దీవి చాలావరకు చీకటిలోనే కనిపిస్తుంది. చేయవలసిందల్లా గడియారాన్ని నమ్మక ఆకలినీ నిద్రనూ వెలుగుతో పాటు ముందుకు జరపడమే. రాత్రి ఎనిమిదింటికే ఊరు సద్దుమణిగే దీవిలో అది కష్టం కాదు.

పడవల విషయంలో మాత్రం ఇంత వెసులుబాటు లేదు. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలున్నా, ఒకవైపు ప్రయాణానికే రెండు రోజులకు పైగా పడుతుంది గనుక లాంగ్ వీకెండు లెక్కలో అవి రావు. విమానంలో దిగినవారు అక్కడి నుంచి ప్రభుత్వ పడవలోనో ప్రైవేటు పడవలోనో గంట నుంచి రెండు గంటలు ప్రయాణించాలి. మధ్యాహ్నం దాటితే పడవలు తగ్గిపోతాయి కనుక ఉదయపు విమానం తప్పదు. ప్రభుత్వ పడవ పర్యాటకుల వినోదానికి ఏర్పడింది కాదు. దీవిలోని రోగి పట్టణపు ఆసుపత్రికి, విద్యార్థి కాలేజీకి, రైతు తన వంకాయలతో బజారుకు పోయేది అందులోనే. పండుగ రద్దీలో వారి సీటుకు పోటీపడకుండా ముందుగా ప్రైవేటు పడవ చూసుకోవడం కనీస మర్యాద. సముద్రం కోపగిస్తే రెండు రకాల పడవలూ ఆగుతాయి. 2016 డిసెంబరులో వర్దా తుపానుకు ముందు వచ్చిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. ఈ సముద్రపు అలల ఎత్తును ముందుగా లెక్కకట్టి చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉన్నది సముద్రమే లేని హైదరాబాదులో. బయలుదేరే ముందు దాని సూచన చూడడం తెలుగువారికి దగ్గరి చుట్టాన్ని అడిగినంత సులువు. సూచన ఎంత బాగున్నా, తిరుగు విమానం ఎక్కే రోజున దీవి నుంచి పడవ ఎక్కే పథకం మంచిది కాదు. చివరి రాత్రిని పోర్ట్ బ్లెయిర్‌కు వదులుకోవలసిందే.

ఇలా లెక్క వేస్తే నాలుగు రోజుల విరామంలో దీవికి దక్కేవి రెండు రాత్రులే. ఇక్కడే చాలామంది మనసు అంగీకరించదు. ఇంత దూరం వచ్చి ఒక్క దీవేనా, పక్కనే హేవ్‌లాక్ ఉంది కదా, అక్కడి రాధానగర్ తీరం చూడకపోతే ఎలా అన్న ప్రశ్న వస్తుంది. ప్రయాణ సంస్థలు ఆ ప్రశ్నను ఊహించే ప్యాకేజీలు తయారుచేస్తాయి. వాటిలో ప్రతి తీరానికీ గంటన్నర ఉంటుంది, ఏ తీరానికీ పాటు వేళ ఉండదు. చూడవలసిన స్థలాల జాబితాను ముగించడమే యాత్ర అన్న అలవాటు తెలుగువారికి క్షేత్రదర్శనాల నుంచి వచ్చిందని అనుకోవచ్చు కాని, ఆ సంప్రదాయంలోనే దానికి విరుద్ధమైన మరో ఆచారం కూడా ఉంది. మొక్కు ప్రకారం గుడి ఆవరణలో రాత్రి నిద్ర చేయడం, కాశీలో తొమ్మిది రాత్రులు గడపడం వంటివాటిలో లెక్కకు వచ్చేది చూసినది కాదు, ఉన్నది. దర్శనం ఎన్నిసార్లయిందని అక్కడ ఎవరూ అడగరు, రాత్రులు ఎన్నయ్యాయని అడుగుతారు. దీవిలో గడిపే వారాంతానికి ఈ రెండో కొలత సరిపోతుంది.

విశ్రాంతి అంటే పథకం లేకపోవడమే అనుకునేవారితో ఇక్కడ విభేదించక తప్పదు. సెలవులలో మనిషిని అలసట పెట్టేది తిరుగుడు కంటే ప్రతి గంటకూ ఏం చేద్దామని నిర్ణయించవలసి రావడమే. నలుగురున్న కుటుంబంలో ఆ నిర్ణయం నాలుగు మాటలుగా మొదలై నలభై అవుతుంది. పోటుపాట్ల పట్టిక ఉన్న దీవిలో ఆ చర్చకు చోటు తక్కువ. నీరు ఏడున్నరకు తీస్తుందంటే ఆరున్నరకు బయలుదేరాలి, మరో మాట లేదు. ఆ రెండు గంటలూ సముద్రానివి అయిపోయాక మిగిలిన పొద్దంతటిలో నిర్ణయించదగినంత పెద్ద విషయమేదీ ఉండదు. నీల్ కేంద్ర బజారులో అన్నం, పప్పు, వేయించిన చేప తిని, కొబ్బరినీళ్లు తాగి, మధ్యాహ్నం పడుకుని లేచేసరికి సూర్యాస్తమయానికి వేళవుతుంది. చేతిలో కొంత నగదు ఉంచుకోవాలి, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోరాదు అన్నవి తప్ప చెప్పవలసిన జాగ్రత్తలు కూడా లేవు. పుస్తకం తీసుకువెళ్లేవారు ఒకటి తీసుకువెళితే చాలు. మూడు తీసుకువెళ్లేవారు మళ్లీ జాబితా మొదలుపెట్టినట్టే.

పర్యాటకులకు మంచి కాలం దీవికి మంచి కాలం కాకపోవడమన్నది ఈ పథకంలో అంత తేలిగ్గా పరిష్కారం కాని భాగం. సముద్రం నిలకడగా ఉండే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలే వానలు లేని నెలలు. బావుల మీద, వాననీటి మీద ఆధారపడే చిన్న దీవిలో అప్పటికి తాగునీరు అడుగుకు చేరుతుంది. సరిగ్గా అదే సమయంలో విడుదులన్నీ నిండి, ఉప్పునీటిలో మునిగి వచ్చిన ప్రతి ఒక్కరూ రోజుకు రెండుసార్లు మంచినీటి షవరు కింద నిలబడతారు. అక్కడి రైతు తన బీర పాదుకు పోయలేని నీరు ఆ గదులలో పారుతుంది. తువ్వాళ్లు, దుప్పట్లు రోజూ మార్చవద్దని చెప్పడం, బకెట్టుతో స్నానం చేయడం వంటివి చిన్న విషయాలే. బకెట్టు స్నానం కోట్లమంది ఇళ్లలో రోజూ జరిగేదే గనుక దాన్ని త్యాగమని పిలవనక్కర లేదు. అయితే ఈ చిన్నవాటితో సమస్య తీరుతుందని చెప్పడం కూడా నిజం కాదు. మూడువేల మంది దీవి ఒక వారాంతంలో ఎందరిని మోయగలదన్న ప్రశ్న ఉంది, అది ఒక్కొక్క యాత్రికుడు తేల్చగలిగేది కాదు.

పోర్ట్ బ్లెయిర్‌కు వదులుకున్న చివరి రోజు సంగతి ఇక మిగిలింది. 2011 లెక్కల ప్రకారం ఈ ద్వీపసముదాయంలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి వలసపోయిన మత్స్యకార కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవులో బేరం తెలుగులోనే సాగించవచ్చు. అదే పట్టణంలో 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు ఉంది. కేంద్ర గోపురం నుంచి ఏడు వైపులా చాచిన విభాగాలలో ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. ఇప్పుడు రెండున్నర గంటల విమానంలో దాటుతున్న ఈ సముద్రం మీదుగానే ఒకనాడు ఖైదీలను ఓడలలో తెచ్చి ఆ గదులలో పెట్టేవారు. వారిలో రంప తిరుగుబాటుదారులున్నారు, 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వేంకటాచారి ఉన్నారు. విమానానికి ముందు మిగిలిన అరపూటలో, సామాను టాక్సీలో ఉంచి, ఒక చుట్టు చుట్టి ఫొటో తీసుకుని వచ్చేస్తే ఆ చోటు ఏమీ చెప్పదు. దీవి నుంచి ఉదయపు పడవలో తిరిగివచ్చినవారికి ఆ మధ్యాహ్నమంతా ఖాళీగానే ఉంటుంది కనుక, పడవ ఆగిపోతుందేమోనన్న భయంతో పక్కన పెట్టుకున్న ఆ పూటను, పడవ ఆగనప్పుడు, జైలుకు ఇవ్వవచ్చు.